ఎం.పి.సి.కీ బై.పి.సి.కీ నడుమ గోడ

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారానికి మా ఎల్లంతకుంటలో మా నాయన నన్ను ఒక్కటే ప్రశ్న అడిగిండు: "ఎం.పి.సి.నా, బై.పి.సి.నా బిడ్డా?" నాకు లెక్కలంటే ప్రాణం. పొలం గట్ల మీద పిట్టల్ని, పాముల్ని చూసుకుంట నిలబడుడు అంతకన్నా ఇష్టం. రెండూ చదువుతనన్నాను. "రెండు పడవల మీద కాళ్లు పెడ్తరా ఎవరన్న?" అన్నడు. ఎం.పి.సి.లో చేరాను. అక్క అప్పటికే బై.పి.సి. ఆనాటి నుంచి ఒకే బల్బు కింద కూర్చున్నా అక్క పుస్తకం నాకూ, నా పుస్తకం అక్కకూ పరాయివే అయినాయి.

మిత్రులారా! ఈ గోడ ప్రకృతి కట్టింది కాదు, మనం కట్టుకున్నది. నేను చెప్పదలచుకున్నది ఇంతే.

1928లో డిరాక్ అనే సిద్ధాంతవేత్త కాగితం మీద ఒక సమీకరణం రాశాడు. ఎలక్ట్రాన్‌కు వ్యతిరేక ఆవేశం గల జోడీ ఒకటి ఉండాలని ఆ సమీకరణం నుంచి తేలింది. 1932లో ఆండర్సన్ విశ్వకిరణాలలో దాన్ని కనుగొన్నాడు. అదే పాజిట్రాన్. ఇవాళ హైదరాబాదు ఆసుపత్రుల్లో క్యాన్సర్ రోగులకు తీసే పెట్ స్కాన్ ఆ కణం మీదనే ఆధారపడి ఉంది. ప్రయోగశాలలో బతికి ఉన్న ఎలుక మెదడు ఎట్లా పనిచేస్తున్నదో కోయకుండానే చూడడానికీ అదే ఆధారం. డిరాక్ కలం పట్టినప్పుడు రోగినీ తలచలేదు, ఎలుకనూ తలచలేదు.

ఇక అక్క వైపు నుంచి చూద్దాం. నలుపు పసుపు పట్టీల పాము ఒకటుంది. దాని ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'బంగారస్'. అది మన 'బంగారు' అన్న మాటే! లాల్జీ సింగ్ ఆ పాములో ఆడ, మగ భేదానికి మూలమేమిటని క్రోమోజోములను పరిశీలించారు. ఆడపాము క్రోమోజోములో పదేపదే తిరిగి వచ్చే డి.ఎన్.ఏ. భాగం కనిపించింది. పాము ఆడదైతేనేం, మగదైతేనేం అని నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. కాని 1988లో హైదరాబాదు సి.సి.ఎం.బి.లో రూపొందిన డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతికి ఆ పాము పరిశోధనే పునాది అయింది. బిడ్డకు తండ్రి ఎవరో, నేరం చేసిందెవరో న్యాయస్థానాల్లో తేల్చడానికి అది పనికివచ్చింది.

ఈ రెండు దారులు కలిసే చోటు కూడా ఉంది. రాత్రిపూట వందల మైళ్లు వలసపోయే రాబిన్ పిట్టకు భూమి అయస్కాంతక్షేత్రం ఎట్లా తెలుస్తుంది? దాని కంటిలోని ఒక ప్రోటీన్ మీద నీలికాంతి పడినప్పుడు పుట్టే ఎలక్ట్రాన్ల జంట, అయస్కాంతక్షేత్రానికి స్పందిస్తుందని 2021లో ఆక్స్‌ఫర్డ్, ఓల్డెన్‌బర్గ్ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చూపారు. పిట్ట కంటిలో కూడా ఇదే జరుగుతుందని ఇంకా రుజువు కావాలి. ఆ రుజువు ఎవరు తేవాలి? పిట్టను తెలియని నేనా? ఎలక్ట్రాన్ స్పిన్‌ను చదవనివ్వని మా అక్కనా?

అన్నిటికీ ప్రయోజనం ఉంటుందని నేననను. 1965లో కోలారు బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, మన శాస్త్రజ్ఞులు విదేశీ సహచరులతో కలిసి, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. ఇవాళ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వారు అమెరికాలోని 'నోవా' ప్రయోగంలో ఆ కణాలనే వెంటాడుతున్నారు. న్యూట్రినో ఇంతవరకు ఎవరి కడుపూ నింపలేదు. అయినా తెలుసుకోవాలన్న ఆకలి కూడా ఆకలే కదా!

"ఒక్క శాస్త్రానికే జన్మ చాలదు, రెండెందుకు?" అని మా లెక్చరర్లు అంటారు. నిజమే. నేను గోడ మొత్తం కూల్చమనడం లేదు, ఒక తలుపు పెట్టమంటున్నాను. వెంకీ రామకృష్ణన్ 1976లో భౌతికశాస్త్రంలో పిహెచ్.డి. పొంది, మళ్లీ విద్యార్థిగా జీవశాస్త్రం తరగతిలో కూర్చున్నారు. 2009లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆయనకు ఆ తలుపు దొరికింది. మా అక్కకు దొరకలేదు. ఇవాళ ఎమ్మెస్సీ జువాలజీలో పిట్టల లెక్కకు స్టాటిస్టిక్స్ కావలసివచ్చి, "మొదటినుంచి చెప్పురా తమ్మీ" అంటున్నది. అక్కకు లెక్కలు రాక కాదు, పదహారో ఏట చేతిలోంచి గుంజుకున్నారు, అంతే.

కాబట్టి మన కాలేజీని నేను కోరేది చిన్న కోరిక. నెలకొక శనివారం ఫిజిక్స్ వారికి జువాలజీ లెక్చరర్, జువాలజీ వారికి ఫిజిక్స్ లెక్చరర్ ఒక గంట పాఠం చెప్పాలి. పరీక్ష వద్దు, మార్కులు వద్దు. దానికి కొత్త భవనమూ అక్కరలేదు, నిధులూ అక్కరలేదు. వరండా దాటి అవతలి గదికి పోతే చాలు.

మొదటి శనివారం ముందు బెంచీలో నేనుంటాను. పక్కన అక్కకు చోటు ఉంచుతాను.