చేసినవి ఐదే సినిమాలు!

సినిమా అయిపోయాక పేర్లు పడుతుంటే చివరిదాకా చూస్తారా? నేను చూస్తా. హీరో పేరు ఎలాగూ తెలుసు, ఆ పక్కనున్నది ఎవరో తెలుసుకోవాలని. ఆ అలవాటు నాకు అంటించింది జాన్ కజాల్.

ఎవరతను అంటారా? 'గాడ్‌ఫాదర్'లో మైకేల్‌కి అన్న ఫ్రేడో ఉంటాడే, తండ్రి మీద కాల్పులు జరుగుతుంటే చేతిలో తుపాకీ కూడా సరిగ్గా పట్టుకోలేక, రోడ్డు పక్కన కూలబడి ఏడుస్తాడు... అతనే.

1935లో మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టాడు. న్యూయార్క్‌లో నాటకాలాడుతూ, పొట్టకూటికి ఓ ఆయిల్ కంపెనీలో కాగితాలు అందించే పని చేశాడు. అదే పనిలో ఇంకో కుర్రాడు పరిచయమయ్యాడు. పేరు అల్ పచినో! తర్వాత ఇద్దరూ ఒకే నాటకంలో నటించి, 1968లో చెరో ఓబీ అవార్డు కొట్టారు. 1972లో 'గాడ్‌ఫాదర్' వచ్చేనాటికి కజాల్‌కి 36 ఏళ్లు.

ఆ తర్వాత 'ది కాన్వర్సేషన్', 'గాడ్‌ఫాదర్ 2', 'డాగ్ డే ఆఫ్టర్‌నూన్', 'ది డీర్ హంటర్'. అంతే. మొత్తం ఐదు. ఐదూ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి నామినేట్ అయ్యాయి, మూడు గెలిచాయి. మరి కజాల్‌కి? ఒక్క నామినేషన్ కూడా రాలేదు.

నాకైతే ఆశ్చర్యం లేదు. అతను చేసినవన్నీ ఎవరూ పట్టించుకోని మనుషుల పాత్రలే. 'గాడ్‌ఫాదర్ 2'లో ఓ సీన్ ఉంది. తమ్ముడు నిలబడి ఉంటాడు. ఫ్రేడో వెనక్కి వాలిన కుర్చీలో పడి ఉండి, తననెవరూ లెక్కచేయలేదని గింజుకుంటాడు. తప్పు చేసింది అతనే. అయినా కోపం రాదు, కడుపులో దేవినట్టు ఉంటుంది. 'డాగ్ డే'లో బ్యాంకు దొంగ. ఏ దేశానికి పారిపోదామని పచినో అడిగితే, సీరియస్‌గా వయోమింగ్ అంటాడు. అది అమెరికాలోనే ఓ రాష్ట్రం! స్క్రిప్టులో లేని ఆ మాట అప్పటికప్పుడు అన్నదేనట. నవ్వొస్తుంది, మరుక్షణం జాలేస్తుంది.

1976లో ఓ షేక్‌స్పియర్ నాటకంలో మెరిల్ స్ట్రీప్ పరిచయమైంది. ఇద్దరూ ఒక్కటయ్యారు. ఏడాది తిరక్కుండానే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. 'డీర్ హంటర్' దర్శకుడు మైకేల్ సిమినో అతని సీన్లన్నీ ముందే తీసేశాడు. ఆ సినిమాలో స్ట్రీప్ కూడా ఉంది, చివరిదాకా పక్కనే ఉంది. 1978 మార్చిలో కజాల్ పోయాడు. 42 ఏళ్లు. సినిమా విడుదలైంది ఆ డిసెంబర్‌లో.

మన ఇళ్లలోనూ, ఫ్రెండ్స్ గ్రూపుల్లోనూ ఓ ఫ్రేడో ఉంటాడు. మాట మొదలెట్టగానే మనం ఫోన్ చూసుకుంటాం. కజాల్‌ని చూశాక అలా చూసుకోవడం నాకు కాస్త కష్టమైంది.

ఈ వీకెండ్ 'డాగ్ డే'తో మొదలెట్టండి. పచినో అరుస్తున్నప్పుడు పక్కనున్న మొహాన్ని చూడండి. మాట్లాడడు, వింటుంటాడంతే. కళ్లు తిప్పుకోలేరు!