గృహవ్యవహారములు: పెద్దలు నడుపు కారునకు భీమా



కారు తాళము మగవారి జేబులోను, కారు కాగితములు మన బీరువాలోను ఉండుట అనేక గృహములలో వాడుక. బీరువా మనదైనప్పుడు అందలి కాగితములలో ఏమున్నదో తెలిసికొనుటయు మన పనియే. ఈ మాసము దీనిని గూర్చి ముచ్చటించుటకు మా యింట జరిగిన యొక సంగతి కారణము.

మా మామగారికి డెబ్బదియొక సంవత్సరములు. హైదరాబాదున మా యింట ఏడేండ్లనాటి చిన్న కారొకటి కలదు. ఉదయము పిల్లలను బడికి దింపుట, శనివారము అత్తగారిని గుడికి తీసికొనిపోవుట వారి నియమము. భీమా గడువు సమీపించినది. మావారు బడిలో పరీక్షల పనిలో మునిగియుండుటచే కాగితములన్నియు నేనే ముందు వేసికొని కూర్చుంటిని. భీమా పత్రము సరిగనే యున్నది. దాని వెనుకనున్న మామగారి లైసెన్సు చూడగా నా గుండె జల్లుమనెను. గడువు తీరి నాలుగు మాసములైనది! ఆ నాలుగు మాసములును పిల్లలు ఆ కారులోనే బడికి పోవుచుండిరి.

లైసెన్సు చెల్లని కాలమున ప్రమాదము జరిగినచో మన కారునకు కలిగిన నష్టమును భీమా కంపెనీవారు నిరాకరింపవచ్చును. ఎదుటివారికి దెబ్బ తగిలినచో, వారికి ముందు సొమ్ము చెల్లించి, పిదప దానిని కారు యజమానినుండి రాబట్టుకొనుడని న్యాయస్థానములు కంపెనీలకు అనుజ్ఞ యిచ్చిన తీర్పులు కలవు. ఏటేట ప్రీమియము కట్టియు, తుదకు ఇల్లు తాకట్టు పెట్టవలసిన గతి పట్టవచ్చును.

కోడలు మామగారికి లోపమును చూపుట తేలికపని కాదు. అందుచే అత్తగారి చెవిని వేసితిని. భోజనములైన పిదప ఆమె, "ఏమండీ, అమ్మాయి మీ కాగితమేదో పట్టుకొని దిగులుపడుచున్నది, చూడరాదా?" అనిరి. "నలువది యేండ్లనుండి నడుపుచున్నాను. ఎవరికైన చిన్న గీటు పడినదా?" అని మామగారు కొంచెము కటువుగనే యనిరి. నేను గుమ్మముకడ నిలిచి, "మీ చేతిని శంకింపలేదు మామయ్యగారూ! కాగితమునకు మీ నేర్పు తెలియదు, తేదీ యొక్కటే తెలియును" అంటిని. వారు కొంతసే పూరకుండి కండ్లద్దములు తెమ్మనిరి. మరునాటినుండి లైసెన్సు చేతికి వచ్చువఱకు కారు తీయలేదు. ఆ శనివారము గుడికి ఆటోలోనే పోయిరి.

దశరథుని సారథియైన సుమంత్రుడును వృద్ధుడే. వయస్సు దోషము కాదు. కాని నేటి సారథికి ప్రభుత్వము గడువు పెట్టినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ననుసరించి, ఏబదియైదేండ్లు దాటినవారికి లైసెన్సు ఒక్కొక్కసారి ఐదేండ్లకు మాత్రమే పునరుద్ధరింపబడును. గడువునకు ఏడాది ముందునుండియే దరఖాస్తు చేసికొనవచ్చును. నలువది దాటినవారు వైద్యుని ధ్రువపత్రమును జతపఱచవలెను. గడువు తీరి ఏడాది దాటినచో మరల నడుపు పరీక్షకు నిలువవలసియుండును. మా మామగారిని పరీక్షించిన వైద్యుడు ఎడమకంటిలో శుక్లము మొదలైనదని చెప్పెను. నడుపుటకు అడ్డు లేదనినను, చీకటిపడిన తరువాత కారు తీయనని వారంతట వారే నిశ్చయించుకొనిరి.

ఇక భీమా నెన్నుకొను విధము. ఇందు రెండు భాగములున్నవి. మొదటిది ఎదుటివారికి కలుగు నష్టమునకైన భీమా. దీనినే థర్డ్ పార్టీ యందురు. ఇది లేక కారు నడుపుట నేరము. మొదటిసారికి 2,000 రూపాయల జరిమానాయో, మూడు మాసముల వఱకు ఖైదో, రెండునో విధింపవచ్చును. దీని వెలను ప్రభుత్వమే నిర్ణయించును. 2022 జూన్ నెలలో అమలులోనికి వచ్చిన పట్టిక ప్రకారము పన్ను కాక, ఎంజిను 1000 సీసీ దాటని కారునకు 2,094 రూపాయలు, 1500 వఱకు 3,416, అంతకు మించినచో 7,897. నడుపువారు పాతికేండ్లవారైనను, డెబ్బదేండ్లవారైనను వెల యొక్కటే. కావున ఈ భాగమున బేరమునకు తావు లేదు.

రెండవది మన కారునకు కలుగు నష్టమునకైన భీమా. ఇందు ఒక్కొక్క కంపెనీ లెక్క ఒక్కొక్క విధముగ నుండును. కారునకు వారు కట్టిన విలువను ఐడీవీ యందురు. కారు దొంగిలింపబడినను, బాగుచేయరాని స్థితికి వచ్చినను మనకు దక్కునది దానినిబట్టియే. ఐదేండ్లు దాటిన కారునకు ఈ విలువ ఉభయుల యంగీకారముచే నిర్ణయమగును. ప్రీమియము తగ్గునని విలువను మిక్కిలి తగ్గించుకొనరాదు. మూడు కంపెనీల లెక్కలను తెప్పించి, అన్నింటను ఒకే విలువ వేయించి పోల్చుకొనవలెను.

పెద్దలు నెమ్మదిగా నడుపుదురు. దాని ఫలము నో క్లెయిం బోనసు. ఏ నష్టమును కోరని మొదటి యేడాదికి నూటికి 20 వంతులు, పిదప 25, 35, 45, తుదకు 50 వంతులు ఈ భాగపు ప్రీమియములో తగ్గును. మా లెక్క చూడుడు. ఈ భాగపు ప్రీమియము 6,000 అనుకొందము. సగము తగ్గి 3,000 కట్టుచున్నాము. గోడకు రాసికొని 3,500 రూపాయల పని పడినది. చిన్న కారునకు మొదటి వేయి రూపాయలు మనమే భరింపవలెను గనుక కంపెనీనుండి వచ్చునది 2,500. మరుసటి యేట పోవు బోనసు 3,000. ఇట్టి చిన్న గీటును చేతిసొమ్ముతో బాగుచేయించుకొనుటయే మేలు. భీమా గడువు తీరి తొంబది దినములు దాటినచో ఈ బోనసంతయు పోవునని మఱవకుడు.

నగరవాసులకు మఱియొక భయము కలదు. 2020 అక్టోబరులో హైదరాబాదును, 2024 సెప్టెంబరులో విజయవాడను నీరు ముంచెత్తినప్పుడు ఎన్నో కార్లు మునిగినవి. నీట నిలిచిన కారును స్టార్టు చేసినందువలన ఎంజిను చెడినచో సాధారణ భీమా దానికి వర్తింపదు. ఎంజిను రక్షణ యను చేర్పు వేఱుగ తీసికొనవలెను. ఆ చేర్పున్నను షరతులు చదువుకొనుడు. నీరు చేరిన కారు తాళము త్రిప్పక, కంపెనీకి తెలిపి, లాగించి తెప్పించుటయే క్షేమము.

నెలకు నాలుగుసార్లు మాత్రమే కారు తీయువారు, నడిపిన దూరమునుబట్టి ప్రీమియము కట్టు పద్ధతిని గూర్చి అడుగుడు. 2022 జూలైలో దీనికి అనుమతి లభించినది.

యజమానియే నడుపునప్పుడు అతని ప్రాణమునకు పదునైదు లక్షల ప్రమాద భీమా కలదు. ఇదియు చెల్లుబాటగు లైసెన్సు ఉన్నవారికే. కారు మన పేరున నుండి, మనకు లైసెన్సు లేనిచో ఈ భాగము మనకు పనికిరాదు. దానికి సొమ్ము కట్టుచున్నామేమో చూచుకొనుడు.

నోటికి రానీయదగని మాటయైనను చెప్పవలెను. యజమాని గతించినచో భీమా వెంటనే రద్దు కాదు. మూడు మాసములో, పాలసీ గడువో, ఏది ముందైన అంతవఱకు నిలుచును. ఆలోపల కారును, భీమాను వారసుల పేరునకు మార్పించుకొనవలెను. దుఃఖములో నున్న యింట ఈ సంగతి ఎవరికిని తోచదు. కావుననే ముందుగ వ్రాయుచున్నాను.

కంపెనీతో వివాదము వచ్చినచో మొదట వారికే వ్రాతమూలకముగ ఫిర్యాదు చేసి, నెల దినములలో తృప్తికరమైన జవాబు రానిచో భీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. దీనికి రుసుము లేదు. తెలుగు రాష్ట్రములకు ఆ కార్యాలయము హైదరాబాదుననే యున్నది.

ఇప్పుడు మా వంటింటి కాలెండరుపై పాలు, గ్యాసు లెక్కల ప్రక్కనే రెండు తేదీలు ఎఱ్ఱసిరాతో గుర్తింపబడియున్నవి: ఒకటి భీమాది, రెండవది మామగారి కంటి పరీక్షది. లైసెన్సు గడువు ఇంకను ఐదేండ్లకు గాని రాదు గనుక దానిని బీరువా తలుపు లోపలివైపున అంటించితిమి. వ్రాసినది నేను కాదు, మామగారే.