ముఖమునకు గింజల నూనెలు



మార్గశిరము ప్రవేశించినది. ఉత్తరపుగాలి వీచుటతో పెదవులు పగులుటయు, చెక్కిళ్లు పొలుసుకట్టుటయు మొదలైనవి. ఈ దినములలో మమ్ము గలసికొను స్త్రీలలో పెక్కుమంది యడుగు ప్రశ్న యొక్కటే: ముఖమునకు ఏ నూనె మంచిది? ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు మేము చేసిన యొక తప్పును చెప్పుకొనవలసి యున్నది. తప్పును దాచి సలహా చెప్పుట న్యాయము కాదు గదా!

మా వారి అక్కగారి కుమార్తె మా యింటనుండి కళాశాలకు పోవుచుండెడిది. పందొమ్మిదేండ్ల పిల్ల. చామనచాయ, చక్కని కనుముక్కు తీరు. రెండేండ్ల క్రిందట ఆమెకు పెండ్లిచూపులు నిశ్చయమైనవి. ఇంక నెలదినములు వ్యవధి యుండగా అక్కగారు మాకు కబురుచేసి, “దాని ముఖము కొంచెము తేటపడునట్లు చూడమ్మా, నీకు తెలియనిదా!” అనిరి. ఆ మాటకు మేము పొంగిపోతిమి. మా తండ్రిగారు మాకు ఇంటివద్దనే సంస్కృతము చెప్పించిరి. వైద్యగ్రంథములను నాలుగు పుటలు తిరుగవేసిన వారమను గర్వము మాకు లేకపోలేదు.

రాత్రివేళ ఆ పిల్ల ముఖమునకు కొబ్బరినూనె దట్టముగా పట్టించితిమి. ఉదయమున నిమ్మచెక్కను తొక్కతోకూడ చెక్కిళ్లపై రుద్దితిమి. ఆమె అట్లే యెండలో బస్సుకొఱకు నిలువబడి పోవుచుండెను. పదిదినములలో నుదుటను, గడ్డముమీదను సన్నని పొక్కులు లేచినవి. చెక్కిళ్లు మండి యెఱ్ఱబారి, పిమ్మట నల్లని మచ్చలు కట్టినవి. తెల్లబఱుపబోయి మేమే నల్లబఱిచితిమి. ఆ పిల్ల వారము దినములు గది వెలుపలికి రాలేదు. ఒకనాటి సాయంకాలము మేము అన్నము తీసికొని పోగా, “అత్తయ్యా, నా రంగు నాకు బాగుగనే యుండెను గదా! మీ కెందుకు బాగుండలేదు?” అని యడిగెను. మాకు నోట మాట రాలేదు.

చర్మవైద్యురాలి యొద్దకు తీసికొని పోయితిమి. నిమ్మతొక్కలోని కొన్ని పదార్థములు చర్మముపై నుండగా ఎండ సోకినచో చర్మము కాలినట్లగునని ఆమె చెప్పినది. జిడ్డుగల ముఖమునకు కొబ్బరినూనె రంధ్రములను మూసి పొక్కులకు దారితీయునని కూడ చెప్పినది. మచ్చలు మాయుటకు నెలలు పట్టినవి. అక్కగారు మమ్ము ఒక్క మాటయు ననలేదు. ఆ మౌనమే మాకు శిక్షయయ్యెను. అప్పటినుండి ఈ విషయమును మొదటినుండి నేర్చుకొనవలెనని నిశ్చయించితిమి. మా వారి బడిలో రసాయనశాస్త్రము బోధించు మిత్రులొకరు మాకు ఓపికతో తెలియజెప్పిరి. నేర్చుకొన్నది మీతో పంచుకొనుచున్నాము.

మొదట తెలియవలసినది నూనె చేయు పని. నూనెలో నీరు లేదు. కనుక అది చర్మమునకు తేమ నియ్యజాలదు. చర్మములో నున్న తేమ గాలికి ఎగిరిపోకుండ కావలి కాయును. అందుచేత పొడిముఖమునకు పూయుటకంటె, కడిగిన ముఖము తడిగా నుండగనే పూయుట మేలు. నూనె రంగును మార్చదు. ఈ మాట చీటి వ్రాసి అద్దమునకు అంటించుకొనదగినది.

నూనెలన్నియు ఒక్కతీరువి కావు. ప్రతి నూనెయు కొన్ని ఆమ్లముల కూర్పు. వానిలో లినోలిక్ ఆమ్లము, ఒలీక్ ఆమ్లము అను రెండింటిని గుర్తుంచుకొన్న చాలును. లినోలిక్ ఆమ్లము మన చర్మపు పై పొరను కట్టిపెట్టు పదార్థములలో నొకటి. మొటిమలు గలవారి ముఖపు జిడ్డులో ఇది తక్కువగా నుండునని పరిశోధకులు కనుగొనిరి. ఒలీక్ ఆమ్లము మిక్కిలిగా గల నూనె, ఉదాహరణమునకు ఆలివ్ నూనె, కొందఱి చర్మపు పొరను సడలించును. కావున ముఖమునకు లినోలిక్ ఆమ్లము హెచ్చుగా గల పలుచని నూనె మేలు.

ఇక్కడ మాకొక విచిత్రము కనబడినది. చరకసంహిత సూత్రస్థానములోని స్నేహాధ్యాయమున నూనె నిచ్చు చెట్టుచేమలు పదునెనిమిది చెప్పబడినవి. నువ్వులు, సారపప్పు, ఆముదము, ఇప్ప, ఆవాలు, కుసుమలు, అవిసెలు, కానుగ, మునగ మొదలగునవి అందున్నవి. వానిలో నువ్వులనూనెకు అగ్రస్థానము. ఆ గ్రంథమే మఱియొక అధ్యాయమున అహితములైన చెట్టునూనెలలో కుసుమనూనెను ముందు నిలిపినది. అది చదివిన మేము కుసుమనూనెను ఇంటిలోనికి రానిచ్చితిమి కాము. కాని నేటి రసాయనశాస్త్రము చూడగా నూటికి ఇంచుమించు 75 పాళ్లు లినోలిక్ ఆమ్లము గలది ఆ కుసుమనూనెయే! పెద్దలు దానిని ప్రధానముగా లోనికి పుచ్చుకొనుటను గూర్చి చెప్పిరి. మేము ముఖమునకు కూడ నిషేధించుకొంటిమి. గ్రంథమును గౌరవించుట వేఱు, సందర్భము విడిచి పట్టుకొనుట వేఱు.

ఇక ఎవరికి ఏది తగునో చెప్పెదము. ముఖము జిడ్డుగా నుండి పొక్కులు లేచువారికి కుసుమనూనె గాని, ప్రొద్దుతిరుగుడు గింజల నూనె గాని తగును. అదియు మూడు చుక్కలకు మించరాదు. ముఖము పొడిబారి చిటపటలాడువారికి నువ్వులనూనె మంచిది. అందులో లినోలిక్, ఒలీక్ ఆమ్లములు రెండును నూటికి 40 పాళ్ల చొప్పున ఇంచుమించు సమముగా నుండును. పైగా నువ్వులలోని సహజద్రవ్యములు నూనెను త్వరగా చెడనీయవు. ఐతే నువ్వులు పడనివారు కొందఱు గలరు. వారు దీనిని ముట్టరాదు. ఆముదము మిక్కిలి చిక్కన. పగిలిన పెదవులకును మడమలకును దివ్యముగా నుండును గాని ముఖమంతటికి వలదు. కొబ్బరినూనె చేతులకు, కాళ్లకు, తలకు ఉంచుకొనుడు. జిడ్డుముఖమునకు దూరముగా నుంచుడు.

పండ్లనూనెలను గూర్చి ఒక భ్రమ కలదు. ఉసిరినూనె యని మనము కొను సీసాలో నున్నది సాధారణముగా ఉసిరి నానవేసిన నువ్వులనూనె గాని కొబ్బరినూనె గాని. ఉసిరికండలో తీయదగినంత నూనె లేదు. ఉసిరిలోని సి విటమిను నీటిలో కరగునే కాని నూనెలో కరగదు. కావున దానికొఱకు ఉసిరినూనెను ముఖమునకు పూయుట వ్యర్థము. ఆ కాయను తినుటయే మేలు. ద్రాక్షకు నూనె గింజలోనిది. అందు నూటికి 70 పాళ్ల వఱకు లినోలిక్ ఆమ్లముండును. పలుచగా నుండి జిడ్డుముఖమునకు సరిపడును. నిజముగా కండలోను గింజలోను నూనె గల పండు సీబక్‌థార్న్ అనునది. లడఖ్ ప్రాంతమునను, హిమాచలములోని లాహౌల్, స్పితి లోయలలోను పెరుగు ముండ్లపొద అది. నారింజవన్నె గల చిన్నపండ్లు గాయును. దాని కండనూనె ముదురు నారింజరంగున నుండి దిండ్లకు, రవికెలకు మచ్చ చేయును. దొరకినవారు ఒక చెంచా కుసుమనూనెలో ఒక్క చుక్క కలుపుకొన్న చాలును. దొరకనివారు విచారింపనక్కఱలేదు; మన గానుగలో ఆడు గింజలతోనే పని జరుగును.

జాగ్రత్తలు వినుడు. వేపనూనెను, కానుగనూనెను ముఖమునకు నేరుగా పూయరాదు. వేపనూనె పసిపిల్లల కడుపులోనికి పోయిన ప్రాణాపాయము. సీసాను ఎత్తున నుంచుడు. ఆముదపు గింజలు విషము; పిల్లలున్న యింట చల్లి యుంచవలదు. పచ్చి ఆకులను, పూలను నూనెలో నానవేయవలదు. తడివలన బూజు పట్టును. నిమ్మను గూర్చి మేము వేఱుగా చెప్పవలసిన పని లేదు.

నూనె కొనునపుడు వేడి తగులక ఆడినదానిని, గింజ వాసన గలదానిని ఎంచుకొనుడు. నేడు పెక్కు పట్టణములలో చెక్కగానుగలు మరల వెలసినవి. వానిలో ఎదుట ఆడించుకొనవచ్చును. ఆడిన నూనెను రెండు మూడు దినములు కదల్పక తేరనిచ్చి పైతేట వంచుకొనవలెను. కుసుమలలో ఒలీక్ ఆమ్లము హెచ్చుగా గల క్రొత్త రకములును వచ్చినవి. అవి వంటకు మంచివి, మన పనికి పాతరకమే కావలయును. సీసాపై చీటి చదివి తెలిసికొనుడు. లినోలిక్ ఆమ్లము గల నూనె వెలుతురుకును వేడికిని త్వరగా చెడును. కావున రంగుసీసాలో కొంచెము కొంచెముగా పోసికొని చల్లనిచోట పెట్టుకొనవలెను. పాతబడిన వాసన వచ్చిన యెడల దానిని ముఖమునకు పూయక పాఱబోయుడు. చెడిన నూనె చర్మమును మండించును.

మేము చేయు కలయిక యిది. తడి లేని చిన్నసీసాలో కుసుమనూనె 4 చెంచాలు, నువ్వులనూనె 1 చెంచా పోసి కలుపుడు. పొడిచర్మము గలవారు రెండును సమముగా తీసికొనవచ్చును. ముఖమునకు పూయుటకు ముందు మోచేతి లోపలివైపున రూపాయిబిళ్లంత చోట ప్రతిదినము రెండుమాఱులు వారము దినములు పూసి చూడుడు. దురద గాని దద్దురు గాని కనబడినచో మానివేయుడు. అట్టివేమియు లేనిచో రాత్రి మెత్తని సున్నిపిండితో ముఖమును రాపిడి లేకుండ కడిగి, తడిముఖముపై మూడు చుక్కలు అరచేతులతో అద్దుకొనుడు. రుద్దవలదు. నెల దినములు ఒక్క నూనెనే వాడి చూడవలెను. దినమున కొకటి మార్చినచో ఏది మేలుచేసెనో, ఏది కీడుచేసెనో తెలియదు. నూనె ఎండకు గొడుగు కాదు. ఎండలోనికి పోవునపుడు గొడుగే గొడుగు. చీముతో కూడిన మొటిమలకు, రసి కారు పుండ్లకు నూనె మందు కాదు, వైద్యుని జూడవలెను.

ఆ పెండ్లిచూపులు ఆగిపోయినవి. ఆ సంబంధము మరల రాలేదు. పిల్ల చదువు ముగించి ఉద్యోగమున చేరినది. మొన్న దసరాకు వచ్చినప్పుడు పెరటిగట్టున కూర్చుండి, మా చేతిలోని సీసా చూచి, “ఇది తెల్లగా చేయునా, అత్తయ్యా?” అని నవ్వుచు నడిగెను.

“చేయదమ్మా. చలికి చర్మము పగులకుండ చూచును, అంతే,” అంటిమి.

“అట్లయిన మూడు చుక్కలు పోయండి,” అని అరచేయి చాచినది. మేము పోసితిమి. ఆ పిల్ల మమ్ము క్షమించినదని ఆనాడు తెలిసినది.

సోదరీమణులారా, మన పిల్లల ముఖములకు నూనె పూయు వేళ మన చేయి వారి రంగును దిద్దుటకు గాక వారి చర్మమును కాపాడుటకై పోవుగాక! వచ్చు నెలలో సున్నిపిండిని ఏ పాళ్లలో విసరుకొనవలెనో తెలిపెదము.