మెదడులో చిరునామా

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. 1,072 మీటర్ల పొడవైన అక్కడి ప్లాట్‌ఫారంపై చుట్టాన్ని కలుసుకోవాలంటే ‘స్టేషన్‌కు వస్తున్నాడు’ అన్న కబురు చాలదు. పెట్టె నంబరు కావాలి. మెదడులోని కణితి విషయమూ అంతే.

1884లో లండన్‌లో బెన్నెట్ అనే వైద్యుడు రోగలక్షణాలను బట్టే కణితి స్థానాన్ని సూచించగా, గాడ్లీ కపాలం తెరిచి దానిని తొలగించారు. 1971లో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. స్కాన్ కణితిని కంటికి చూపింది. తలకు లోహపు చట్రం బిగించి, కణితి పొడవు, వెడల్పు, లోతు లెక్కగట్టి, చిన్న రంధ్రంగుండా సన్నని సూదితో ముక్క తీయడం తరువాతి మెట్టు. అదే బయాప్సీ. నేడు చట్రం లేకుండానే కంప్యూటరు దారి చూపగలుగుతున్నది.

ముక్క తీయడం దేనికి? స్కాన్‌లో కనిపించే ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు. క్షయవ్యాధి వల్ల ఏర్పడే గడ్డలూ అట్లే కనిపించవచ్చు. వాటిలో అనేకం మందులతోనే కరుగుతాయి.

అయితే ఈ విధానానికీ పరిమితులున్నాయి. సూది వల్ల అరుదుగా రక్తస్రావం కావచ్చు. కపాలం తెరవగానే మెదడు కొంత కదిలి, ముందు తీసిన చిత్రం తప్పవచ్చు. అందుకే కొన్నిచోట్ల శస్త్రచికిత్స నడుమ అల్ట్రాసౌండ్‌తోనో, ఎం.ఆర్.ఐ.తోనో మరల చూస్తారు.

ఆపరేషన్‌కు సంతకం చేసేముందు బంధువులు అడగదగిన ప్రశ్న ఒకటున్నది: “ముందుగా ముక్క తీసి పరీక్షించే వీలున్నదా, డాక్టరుగారూ?”