గాలికి ఏ విత్తనం నిలుస్తుందో రైతుకు చెప్పండి

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగితే బొగ్గుల మీద కాలుతున్న మక్క కంకుల వాసన తగులుతుంది. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లల్లో ఖమ్మం, మహబూబాబాద్ పల్లెలవాళ్లూ ఉంటారు. కొందరి ఫీజు ఆ మక్కలు అమ్మితేనే వస్తుంది. ఊళ్లో గాలి దుమారం లేస్తే ఇక్కడ వాళ్ల గుండె దడదడలాడుతుంది.

2023 మార్చిలో వడగళ్లు, ఈదురుగాలులు తెలంగాణను కొట్టినప్పుడు ప్రభుత్వ లెక్కలో దెబ్బతిన్న పంట 2.28 లక్షల ఎకరాలు. అందులో 1.29 లక్షల ఎకరాలు మక్కే. ఎకరాకు 10 వేల రూపాయల పరిహారం ప్రకటించారు. పరిహారం కావాల్సిందే. అయితే గాలి రాకముందు చేలో పడిన విత్తనం గురించి ఎవరూ మాట్లాడలేదు.

మక్క కర్రను విరిచి చూడండి. లోపల మెత్తటి బెండు, చుట్టూ గట్టి బెరడు. కర్ర బలం ముఖ్యంగా ఆ బెరడుదే. దాని మందం, అందులోని సెల్యులోజ్, లిగ్నిన్ విత్తనంతో పాటు వచ్చే గుణాలు. ఒక జన్యువు చెడితే ఆకు ఈనె గోధుమరంగుకు తిరిగి లిగ్నిన్ తగ్గుతుంది. ఆ చొప్ప పశువుకు సులువుగా అరుగుతుంది కానీ కర్ర బలం తగ్గుతుంది. ఇంకో జన్యువు చెడితే సెల్యులోజ్ తగ్గి కర్ర పెళుసుగా విరుగుతుంది. మామూలు హైబ్రిడ్లలో మాత్రం తేడా ఒక్క జన్యువుది కాదు, తలా కొంచెం పనిచేసే పదుల కొద్దీ జన్యువులది. వరికి 1966లో ఐఆర్8తో సులువుగా పడిపోని పొట్టి రకం దొరికింది. మక్కకు అంత దగ్గరి దారి చాలాకాలం దొరకలేదు.

పడటంలోనూ రెండు రకాలున్నాయి. ఊడలు బలంగా లేకపోతే మొక్క వేళ్లతో సహా ఒరుగుతుంది. లేత చేనైతే మళ్లీ లేస్తుంది. కంకి కింద కర్ర విరిగితే మాత్రం ఆ మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే.

అమెరికాలోని అయోవాలో 1930లలో జార్జ్ స్ప్రాగ్ గట్టి కర్ర ఉన్న 16 వంశాలను కలిపి ఒక సముదాయం తయారుచేశారు. బీ73 అనే ప్రసిద్ధ వంశం అందులోంచే 1972లో వచ్చింది. కర్ర బలం కోసం పట్టిన ఓపిక దశాబ్దాల తర్వాత దిగుబడిగా తిరిగొచ్చింది.

మన దగ్గర గాలికి తోడు ఇంకో శత్రువు ఉంది. పూత తర్వాత నీటి ఎద్దడి వస్తే కాండం కుళ్లు తెగులు సోకి బెండును తినేస్తుంది. చీల్చి చూస్తే లోపల నల్లటి పొడి. అలాంటి చేనుకు దుమారం అక్కర్లేదు, చిన్న గాలి చాలు. అందుకే మనకు గాలికి నిలిచే రకమంటే ముందు ఈ తెగులుకు నిలిచే రకం. ఒత్తుగా వేసి యూరియా గుప్పిస్తే ఎంత మంచి రకమైనా సన్నబడి పడుతుందన్నదీ నిజమే. వడగళ్లకు ఏ రకమూ ఆగదు.

కొత్త రకం విడుదలకు ముందు జరిపే పరీక్షల్లో పడిపోయిన మొక్కలను లెక్కిస్తారు. ఆ లెక్క రైతు చేతిలోని ప్యాకెట్ మీద కనబడదు. గాలి రాని ఏడాది అన్ని రకాలూ నిలిచినట్టే ఉంటాయి కాబట్టి, బెరడులోకి సూది గుచ్చి గట్టిదనం కొలిచే పరికరాన్నీ తప్పనిసరి చేయాలి. రాజేంద్రనగర్ మక్క పరిశోధన కేంద్రం ఈ కొలతలను ప్రైవేటు హైబ్రిడ్లతో సహా యాసంగి విత్తనం వేయకముందే ప్రకటించాలి.

అమీర్‌పేటలో చదువుకుంటున్న పిల్లలారా, ఇంట్లో విత్తనం కొనకముందే ఒక్క ఫోన్ చేయండి. పోయినేడు గాలికి ఏ రకం ఎవరి చేలో నిలిచిందో కనుక్కోమనండి.