అరచేతికి పరుపు వద్దు

అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు పోయే రోడ్డంటే మర్రిచెట్ల రోడ్డు. ఆదివారం తెల్లవారకముందే ఆ చెట్ల కింద సైకిళ్ల లైట్లు వరుసగా కదులుతుంటాయి. రోడ్డు సైకిళ్లు నేరుగా మన్నెగూడ వైపు పోతాయి. లావుపాటి టైర్ల సైకిళ్లు మాత్రం ఏదో ఒకచోట తారు వదిలేసి, మొరం బాట పట్టుకుని గుట్టల్లోకీ కంచెల్లోకీ దిగుతాయి. 1996లో వచ్చిన 111 జీవో జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డం పడబట్టే ఈ బాటలు ఇన్నేళ్లు బాటలుగా మిగిలాయి. హిమాయత్‌సాగర్ శికంలో ఎండి పగిలిన మట్టి మీద తొక్కుడు ఒకరకం. చిల్కూరు అడవి అంచున బండల మీద ఇంకోరకం. చేవెళ్ల దగ్గర ఎర్ర మొరం మీద, చక్రం కింద గోలీల్లా దొర్లే గుండ్ల మీద తొక్కుడు మరోరకం.

ఇక్కడ దూకుడుగా తొక్కేవాళ్ల చేతులు గమనించండి. చాలామందికి ఒకేలాంటి గ్లవ్స్ ఉంటాయి. పిడికిలి కణుపుల మీద గట్టి ప్లాస్టిక్ చిప్పలు, అరచేతిలో ఉబ్బెత్తుగా రెండు మూడు జెల్ దిండ్లు, మణికట్టుకు బెత్తెడు వెల్క్రో పట్టీ. కొత్తగా చేరిన కుర్రాళ్లకు పాతవాళ్లు చెప్పే మాటా అదే. ఎంత గట్టిగా తొక్కుతావో అంత మందం కొనుక్కో, పడితే ముందు పోయేవి చేతులే అని.

ఈ సలహా తప్పు. డబ్బు దండగయ్యే తప్పు మాత్రమే అయితే నేనింత రాయను. మనిషిని పడేసే తప్పు ఇది.

ఆ సలహా విని కొన్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను. చిల్కూరు అవతల ఒక దిగుడు ఉంది. వానాకాలంలో నీళ్లు బాటను కోసి మధ్యలో మోకాలి లోతు ఒర్రె చేశాయి. దాని పక్కనుంచి జానెడు జాగాలో దిగాలి. ఆ రోజు చూపుడువేలు బ్రేక్ లివరు మీదే ఉంది. కానీ గ్లవ్‌లో నా వేలి కొసకు ముందు అరంగుళం ఖాళీ బట్ట ఉంది. నేను వేలు మడవగానే ఆ బట్ట లివరుకూ గ్రిప్పుకూ మధ్య ముడుచుకుంది. బ్రేకు పడాల్సినచోట పడలేదు. కంగారులో ఇంకా గట్టిగా లాగాను. అరచేతిలో జెల్ ఉండబట్టి ఎంత లాగానో నాకు తెలియలేదు. ముందు చక్రం బిగుసుకుపోయింది, నేను హ్యాండిల్ మీదుగా వెళ్లి కుడి అరచెయ్యి ఆనించి పడ్డాను.

లేచి చూసుకుంటే గ్లవ్‌కు చిన్న గీతైనా లేదు. కణుపుల మీద చిప్పలు కొన్ననాటిలా మెరుస్తున్నాయి. నొప్పి మాత్రం బొటనవేలి మొదట్లో, మణికట్టు గుంటలో ఉంది. అక్కడ స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. చెయ్యి చాచి పడ్డవాళ్లకు తరచూ విరిగే ఎముకల్లో అదొకటి. మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనిపించదు. అందుకే డాక్టర్లు నొప్పి ఉన్నచోట నొక్కి చూసి, అనుమానం ఉంటే పట్టీ వేసి, పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయిస్తారు. నాకు రెండోసారి సన్నటి గీత బయటపడింది. ఆ ఎముకకు నెత్తురు ఒక కొసనుంచే ఎక్కువగా అందుతుంది కాబట్టి అతుక్కోవడం ఆలస్యమవుతుంది, నిర్లక్ష్యం చేస్తే ఒక ముక్క చచ్చిపోతుంది కూడా. చెయ్యి ఆనించి పడ్డాక బొటనవేలి మొదట్లో నొప్పి ఉంటే, బెణికిందిలే అని జండూబామ్ రాసుకుని ఊరుకోకండి.

నా ఎముకను జెల్ కాపాడలేదు, ప్లాస్టిక్ చిప్పా కాపాడలేదు. కాపాడగలిగేవీ కావు. ఒంటి బరువంతా అరచేతి మీద పడి మణికట్టు వెనక్కి విరుచుకుంటుంటే మూడు నాలుగు మిల్లీమీటర్ల జెల్ ఏం ఆపుతుంది? మొరం అరచేతి తోలు లాగెయ్యకుండా గ్లవ్ ఆపుతుంది. అది పెద్ద మేలే. అరచేయి చెక్కుకుపోయినవాళ్లకు వారం రోజులు అన్నం కలుపుకోవడం ఎంత కష్టమో తెలుసు. అయితే ఆ పనికి ఒక్క పొర గట్టి సింథటిక్ తోలు చాలు.

మరి కణుపుల మీద చిప్పలు ఎక్కడివి? మోటోక్రాస్ అనే మట్టిబాట మోటార్‌సైకిల్ పందేల నుంచి వచ్చాయి. అక్కడ ముందు బండి వెనక చక్రం మట్టినీ రాళ్లనూ తుపాకీ గుండ్లలా వెనక్కి విసురుతుంది. అవి వచ్చి తగిలేది వెనకవాడి పిడికిళ్లకు. ఆ చిప్పకు అక్కడ పని ఉంది. మోటార్‌సైకిల్ గ్లవ్స్‌కు ఐరోపాలో ఈఎన్ 13594 అని విడిగా ప్రమాణమే ఉంది, ఎందుకంటే ఆ వేగాలు వేరు, ఆ జారుడు వేరు. కాళ్లతో తొక్కే సైకిలు రాళ్లు విసరదు. సైకిలు గ్లవ్ మీద చిప్ప అంటించినంత మాత్రాన మోటార్‌సైకిల్ గ్లవ్ చేసే పని అది చేస్తుందని నమ్మకూడదు.

ఒక్క మాట ఒప్పుకుంటాను. ఇప్పటి మౌంటెన్ బైక్‌ల హ్యాండిల్ బార్లు 760 నుంచి 800 మిల్లీమీటర్ల దాకా వెడల్పు. కంచెల్లో బాట సన్నం. రెండు వైపులా సర్కారు తుమ్మ. చిటికెన వేలి కణుపు కంపకు గీసుకోవడం మాకు మామూలే. దానికి ఆ ఒక్కచోట మెత్తటి రబ్బరు చార ఉంటే సరిపోతుంది. మామూలుగా మెత్తగా ఉండి, దెబ్బ తగిలినప్పుడు గట్టిపడే డీ3ఓ లాంటి పదార్థం ఉన్నా మంచిదే. పిడికిలి మూయడానికి అడ్డుపడే చిప్ప మాత్రం వద్దు.

మందం మీద ఈ నమ్మకం ఒకప్పుడు నిజమైన అవసరం నుంచే పుట్టి ఉంటుంది. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో రీప్యాక్ అనే దిగుడు పందెం మొదలైంది. పాతకాలపు బరువు సైకిళ్లు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. ఒక్క దిగుడుకే హబ్బులో గ్రీజు కాలిపోయేది. మళ్లీ గ్రీజు కూరితే తప్ప బండి కదలదు, ఆ పేరు వచ్చింది అందుకే. ముందు ఫోర్కులో స్ప్రింగు లేదు. రాయి మీద చక్రం ఎక్కితే ఆ దెబ్బంతా అరచేతికే. అప్పుడు మందం కావాలని ఎవరైనా అడిగితే న్యాయమే. 1990ల్లో సస్పెన్షన్ ఫోర్కులు మామూలయ్యాయి, ఆ తర్వాత హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు వచ్చాయి. ఇప్పుడు ఒక్క చూపుడువేలితో బండి నిలబడుతుంది. మూడు వేళ్ల బలం అడిగిన బ్రేకు పోయి ఒక్క వేలి స్పర్శ అడిగే బ్రేకు వచ్చింది. బండి మారింది గాని సలహా మారలేదు.

మొరం మీద బ్రేకు వేయడం అంటే లివరును పట్టి ఉంచడం కాదు. చక్రం జారబోతోందని గ్రిప్పు ద్వారా చేతికి ముందే తెలుస్తుంది. ఒక చిన్న గరగర మొదలవుతుంది. ఆ గరగర అందగానే వేలు వెంట్రుకవాసి సడలించాలి, మళ్లీ బిగించాలి. ఈ కబురు అందే దారిలో జెల్ దిండు పెట్టుకుంటే చెయ్యి చెవిటిదవుతుంది. పైగా గ్రిప్పు మామూలుగా 30 నుంచి 34 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. దాని మీద మందమైన పొర చేరితే పట్టు లావెక్కుతుంది. లావెక్కిన పట్టును నిలపడానికి ముంజేతి కండ ఇంకా బిగుసుకోవాలి. రెండు దిగుళ్లు దిగేసరికి ముంజేతులు రాళ్లలా అయి వేళ్లు తెరుచుకోని బాధ చాలామంది పడుతున్నారు. గ్లవ్ మార్చి చూడకుండానే జిమ్‌కు పోతున్నారు.

తిమ్మిరి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే జెల్‌ను అమ్మేది తిమ్మిరి పేరు చెప్పే. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారుతుంటే అది అల్నార్ నరం మీద ఒత్తిడి. అరచేతికి చిటికెన వేలి వైపు మొదట్లో, గయాన్ కెనాల్ అనే ఇరుకు దారిలో ఆ నరం పోతుంది. దిండు సరిగ్గా దాని మీదే ఒత్తుకుంటే ఒత్తిడి తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు. అసలు ఒంటి బరువు చేతుల మీదికి ఎందుకు వచ్చిందో ముందు చూసుకోవాలి. సీటు ముక్కు కిందికి వంగి ఉందా? లివర్లు మణికట్టును విరిచే కోణంలో ఉన్నాయా? టైర్లో గాలి ఎంత? 2.4 అంగుళాల టైర్లో 40 పీఎస్ఐ కొట్టుకుని మొరం మీదికి వచ్చి, చేతులు అదురుతున్నాయని జెల్ గ్లవ్స్ కొన్నవాళ్లను నేను చూశాను. ట్యూబ్‌లెస్ టైరయితే ఎక్కువ మందికి 25 చుట్టుపక్కల చాలు. రూపాయి ఖర్చు లేకుండా పోయే అదురు అది.

ఇంకో పక్క ఇంకో వాదన ఉంది. మన ఎండలకు నిండు వేళ్ల గ్లవ్స్ ఎందుకు, సగం వేళ్లవి చాలు కదా అని. మేలో ఈ గుట్టల మీద 40 డిగ్రీలు దాటుతుంది, ఆ బాధ నాకూ తెలుసు. కానీ చెమట పట్టిన ఉత్త వేలు లోహపు లివరు మీద జారుతుంది. వీపు వైపు జల్లెడలాంటి బట్ట, అరచేతి వైపు ఒక్క పొర ఉన్న పలుచటి నిండు గ్లవ్, జెల్ కుక్కిన సగం వేళ్ల గ్లవ్ కంటే చల్లగా ఉంటుంది. పడ్డప్పుడు వేలి కొసలు కూడా నేలను గీకుతాయి. ఇక ముళ్లు. తుమ్మ ముల్లు నిటారుగా గుచ్చుకుంటే ఏ గ్లవ్ కూడా ఆపదు, పక్కనుంచి గీసుకుపోయే ముల్లును మాత్రం పలుచటి బట్ట కూడా ఆపుతుంది. పరికి కంప, రేగు కంప ఉన్న బాటల్లో సగం వేళ్ల గ్లవ్స్‌తో తొక్కినవాళ్ల వేళ్లు పొద్దెక్కేసరికి ఎట్లా ఉంటాయో టీ కొట్టు దగ్గర చూస్తూనే ఉన్నాం.

ముళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మొయినాబాద్ దాటాక ఒక గులాబీ తోట గట్టు మీద పంక్చర్ వేసుకుంటూ కూర్చున్నాను. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోవాల్సిన పూలు కోస్తున్నారు. ఒకావిడ ఎడమ చేతికి పాత బనీను గుడ్డ చుట్టుకుంది. ఆ చేత్తో కొమ్మ వంచుతోంది. కత్తెర పట్టిన కుడి చేతికి ఏమీ లేదు, వేలి కొసతో మొగ్గను ఒకసారి తాకి కోస్తోంది. రెండో చేతికి కూడా చుట్టుకోవచ్చు కదా అక్కా అంటే, "రెండిటికీ చుట్టుకుంటే మొగ్గ ముదిరిందో లేదో ఎట్ల తెలుస్తది తమ్మీ?" అంది. కొమ్మ వంచే చేతికి కాపు, మొగ్గ తెలుసుకోవాల్సిన చేతికి స్పర్శ. సైకిలు మీద ఈ రెండు పనులూ ఒకే చెయ్యి చెయ్యాలి. అందుకే పొర ఉండాలి, పలుచగా ఉండాలి.

కొనేటప్పుడు ముందు టేపు తీసుకుని బొటనవేలు వదిలేసి కణుపుల చుట్టూ అరచేతిని కొలుచుకోండి. కంపెనీల సైజు పట్టీలు ఒకదానికొకటి కలవవు, ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ లార్జ్ అవుతుంది. వేసుకున్నాక పిడికిలి మూయండి. అరచేతిలో బట్ట ముడతలు పడితే ఆ ముడతలే మీకు బొబ్బలు. వేలి కొసను రెండో చేత్తో గిల్లి చూడండి, బట్ట చిక్కకూడదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గొంది దగ్గర కుట్టు ఎక్కడుందో చూడండి. గ్రిప్పు రాసుకునేది అక్కడే, అక్కడ రెండో పొర ఉండాలి. అరచేతిలో ఇంకెక్కడా అక్కర్లేదు. చూపుడువేలి కొస మీద సిలికాన్ గీతలుంటే వానాకాలంలో పనికొస్తాయి. మందం కావాల్సింది జనవరి తెల్లవారుజామున ఒక్కటే. నగరం నుంచి గుట్ట దాకా రోడ్డు మీద చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. అప్పుడు పైన ఇంకో జత వేసుకుని, బాట మొదట్లో తీసి సంచిలో పెట్టుకుంటే సరిపోతుంది.

పలుచటివి త్వరగా చిరుగుతాయనే మాట నిజమే. నావి ఒక సీజన్‌కు బొటనవేలి దగ్గర విచ్చుకుంటాయి. చల్లనీళ్లలో కొద్దిగా సబ్బేసి ఉతికి నీడన ఆరేస్తే ఇంకో రెండు మూడు నెలలు వస్తాయి. చెమట ఉప్పుతో అట్టకట్టనిచ్చి, బండి మీద ఎండలో ఆరేసేవాళ్లకు ఆ మాత్రం కూడా రావు. బ్రేక్ ప్యాడ్లు అరిగితే ఎవరూ బాధపడరు, అవి అరగడానికే ఉన్నాయని తెలుసు. గ్లవ్ దగ్గర మాత్రం మన్నిక లెక్క ఎందుకు తీస్తున్నాం? నా పాత మందం గ్లవ్స్ ఈనాటికీ చెక్కుచెదరలేదు, గూట్లో అట్లాగే ఉన్నాయి.

దుకాణాల వాళ్లకు ఒక విన్నపం. గ్లవ్స్‌ను ప్లాస్టిక్ కవరుకు పిన్ను కొట్టి గోడకు వేలాడదీస్తే కొనేవాడికి కనిపించేది చిప్పలూ దిండ్లూ మాత్రమే. కౌంటర్ మీద ఒక హ్యాండిల్ బార్ ముక్క బిగించండి, దానికి ఒక గ్రిప్పు, పనిచేసే బ్రేక్ లివరు ఒకటి. ప్రతి జతా తొడిగి పది సార్లు లివరు లాగి చూడనివ్వండి. చేవెళ్ల గుట్టలకు కొత్తగా వస్తున్న కుర్రాళ్లు అక్కడే, నేల మీద నిలబడే, తేడా తెలుసుకుంటారు.