ఆ ఒక్క మెట్టు

 

గత సంవత్సరం మా అమ్మగారు మగ్రిబ్ తర్వాత మంచినీళ్ళు త్రాగడం మానివేశారు. మేమెవ్వరమూ గమనించలేదు. జబ్బుపడి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళిన నాడు సంగతి బయటపడింది. రాత్రివేళ స్నానాలగదిలోకి వెళ్ళాలంటే ఆరంగుళాల మెట్టు దిగాలి. పట్టుకోవడానికి ఏ ఆధారమూ లేదు. “పగలంతా చాకిరీ చేసిన కోడలిని అర్ధరాత్రి ఎలా లేపేది నాయనా?” అన్నారు. ఏళ్ళ తరబడి విద్యార్థులకు తల్లిదండ్రుల హక్కులు బోధిస్తున్న నేను ఆ మాటకు తలదించుకున్నాను.

చేయి పట్టుకొని నడిపించడమే సేవ అని మనం భావిస్తాము. చేయి చాచవలసిన అగత్యమే రాకుండా ఇంటిని అమర్చడం అంతకంటే గొప్ప సేవ. అడిగి పొందే సాయంలో ఎంత ప్రేమ ఉన్నా, అడిగేవారి మనసులో కొంత సంకోచం మిగులుతుంది.

మేస్త్రీని పిలిపించి స్నానాలగది నేలను ఎత్తు చేయించి, నీరు పోయేందుకు వాటం ఉంచాము. కమోడ్ ప్రక్కన, గోడ పొడవునా ఉక్కు కడ్డీలు బిగించాము. లోపల ఎవరైనా పడిపోతే అడ్డుపడకుండా తలుపు బయటకు తెరచుకొనేలా మార్చాము. మంచం ప్రక్కనే దీపం స్విచ్ పెట్టించాము. ఒక పెళ్ళి విందులో ఒక్క వంటకానికయ్యే ఖర్చు కూడా కాలేదు. అమ్మగారు ఇప్పుడు తహజ్జుద్‌కు తామే లేచి వుజూ చేసుకుంటున్నారు.

అందరికీ ఉపకరించే నిర్మాణం గురించి లోకానికి చెప్పిన వారిలో ముఖ్యుడు అమెరికా వాస్తుశిల్పి రోనాల్డ్ మేస్. బాల్యంలో పోలియో సోకి ఆయన చక్రాల కుర్చీలోనే జీవించారు. ఆయన బృందం 1997లో ఏడు సూత్రాలను ప్రకటించింది. మన దేశంలోనూ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రజలు వచ్చిపోయే భవనాలు వారికి అందుబాటులో ఉండాలన్నది.

మరి మన మస్జిదుల మాటేమిటి? ర్యాంపు అంటే మోటారు సైకిళ్ళు ఎక్కించే నిటారు దిమ్మె కాదు. అంగుళం ఎత్తుకు కనీసం పన్నెండంగుళాల పొడవు ఉండాలి. అంటే రెండడుగుల అరుగుకు ఇరవై నాలుగు అడుగులు! స్థలం చాలకపోతే మధ్యలో చదునైన మలుపు ఇచ్చి కట్టవచ్చు. వుజూ కొళాయిల వద్ద కొన్ని ఎత్తైన ఆసనాలు, చక్రాల కుర్చీ పట్టే వెడల్పైన తలుపు ఒకటి ఉంటే ఎంతోమంది వృద్ధులు తిరిగి జమాఅతులో చేరగలరు.

అంధులైన హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) ఇంట్లోనే నమాజు చేసుకోవడానికి అనుమతి కోరినప్పుడు, అజాన్ వినిపిస్తుందా అని దైవప్రవక్త (స) అడిగారు. వినిపిస్తుందని చెప్పగా, అయితే రావలసిందేనన్నారు. ఆయననే మదీనాలో ముఅజ్జిన్‌గా నియమించారు; తాము ప్రయాణమై వెళ్ళినప్పుడు నగర బాధ్యతనూ అప్పగించారు. అజాన్ వినిపించేంత దూరం లౌడ్‌స్పీకర్లు పెట్టిన మనం, విన్నవారు లోపలికి రాగలిగే దారి వేయవద్దా?

ఈ జుమా నాడు ఒక పని చేయండి. మీ ఇంటి పెద్దల వెంట గది గదికీ నడచి, ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి. సిగ్గుపడి వారు చెప్పకపోవచ్చు, మీరే అడగండి. అల్లాహ్ మన ఇళ్ళ గడపలను వారికి సుగమం చేయుగాక! ఆమీన్.